శిలాక్షరాలు

తంజావూరు బృహదీశ్వరాలయాన్ని దర్శించినవారి చూపు మొదట విమానంపైనే నిలుస్తుంది. సుమారు 216 అడుగుల ఆ ఎత్తు ఎవరినైనా అబ్బురపరచకమానదు. కాని ఆ ఆలయపు అసలు సంపద కంటికి ఎదురుగా, గోడల అడుగుభాగాన ఉన్నది. ఒకటవ రాజరాజచోళుడు 1010 నాటికి నిర్మింపజేసిన ఈ ఆలయపు రాళ్లపై తానూ, తన అక్క కుందవై, రాణులూ సమర్పించిన కానుకలను చెక్కించాడు. రాచకానుకల లెక్కలే కావు. ఆలయసేవకు రప్పించిన 400 మంది నర్తకీమణుల పేర్లు, వారు నివసించిన ఇండ్ల వరుస, దీపాలకు నేయి సమకూర్చవలసిన పశువుల కాపరుల పేర్లు కూడ అందున్నవి. కావ్యాలలో చోటు దొరకని సామాన్యులకు ఆ గోడ చోటిచ్చింది! ఈ రాజు తెలుగువారికి పరాయివాడు కాడు. కుమార్తెను వేంగి విమలాదిత్యునకిచ్చి, రాజరాజనరేంద్రునికి మాతామహుడైనాడు.

ఇటువంటి రాతలున్న ప్రాచీనాలయాలు తమిళనాట ఊరూరా ఉన్నవి. వానిలో కొన్నింటిని జీర్ణోద్ధరణ పేరిట యంత్రంతో ఇసుక చిమ్మి శుభ్రపరచినారు. మసితోపాటు అక్షరాలూ అరిగిపోయినవి. పూసిన సున్నాన్ని నేర్పుతో తొలగింపవచ్చు. అరిగిన అక్షరాన్ని తిరిగి తేలేము. ఆలయం భక్తులకు దేవుని ఇల్లు. కుంభాభిషేకం వలదనుట న్యాయం కాదు. అయితే పని మొదలుపెట్టకముందే ప్రతి శాసనానికీ నకలు తీయించుట, శాసనపరిష్కర్తను దగ్గర నిలుపుకొనుట అసాధ్యమా? తంజావూరు శాసనాలు ఏనాడో అచ్చయినవి. ఎవరూ నకలు తీయని చిన్న ఊరి గుడిగోడకు ఆ రాయి తప్ప మరొక ప్రతి లేదు.