మునిగేలోపే ఊరిని కొలవాలి

వేసవిలో శ్రీశైలం జలాశయం నీరు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. జనం వెళ్లి దణ్ణం పెట్టుకుంటారు. ఆ నీటి కిందే పోయిన మన పొలాలు, బావులు, కళ్ళాలు ఎక్కడుండేవో చూపించే బొమ్మ మాత్రం మన చేతిలో లేదు.

గుళ్ల విషయంలో ప్రభుత్వాలు ముందుచూపు చూపాయి. నాగార్జునసాగర్ నిండకముందే, 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయను తవ్వి, కొన్ని కట్టడాలను కొండపైకి చేర్చారు. శ్రీశైలం ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపూర్‌లో మళ్లీ కట్టారు. మంచి పనే. అదే శ్రద్ధ రైతు ఇంటికి, బావికి దక్కాలన్నదే మన వాదన. శ్రీశైలం నిర్వాసితులకు ఉద్యోగాలిస్తామన్న 98 జీవో 1986లో వచ్చింది. దాని కోసం ఏళ్ల తరబడి తిరిగినవాళ్లు మనకు తెలుసు.

ఇప్పుడు సాధనాలున్నాయి. లైడార్ యంత్రం లేజర్ కిరణం పంపి, అది తగిలి తిరిగొచ్చిన సమయాన్ని బట్టి దూరం లెక్కగడుతుంది. అలాంటి లక్షల చుక్కలు కలిస్తే ఇల్లు, గట్టు, చెరువు కట్ట, చెట్టు పొడవు, వెడల్పు, ఎత్తులతో సహా కంప్యూటర్‌లో నిలబడతాయి. డ్రోన్ ఫోటోలు కలిపి కూడా ఇలాంటి బొమ్మ తయారు చేస్తారు.

డ్రోన్ మనకు కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో చూశాం. పైనుంచి గట్టు కనబడుతుంది, అది ఎవరిదో కనబడదు. విస్తీర్ణంలో తేడా వస్తే ఆఫీసుల చుట్టూ తిరిగింది రైతే. బోరు ఎంత లోతో, కౌలుకు ఎవరు చేస్తున్నారో, పోడు ఎవరిదో లేజర్‌కు తెలియదు. అవి గ్రామసభలోనే తేలాలి.

పోలవరంలో ముందు 41.15 మీటర్ల కాంటూరు దాకా అంటున్నారు. పూర్తి మట్టం 45.72 మీటర్లు. ఈ రెండు గీతల మధ్య ఊళ్ల సంగతి ఎటూ తేలలేదు. 2013 భూసేకరణ చట్టం 29వ సెక్షన్ ఇళ్లకు, చెట్లకు, పంటలకు విలువ కట్టమంటోంది. ఇల్లు కూలాక, చెట్టు మునిగాక దేనికి విలువ కడతారు?

అందుకే మేం డిమాండ్ చేస్తున్నాం. ఊరు ఖాళీ చేయించకముందే ప్రతి ఇల్లు, బావి, తోట స్కాన్ చేయాలి. ఆ వివరాలు గ్రామసభలో తెలుగులోనూ కోయ భాషలోనూ వినిపించి, అభ్యంతరాలు రాసుకోవాలి. ప్రతి కుటుంబానికీ ఉచితంగా నకలు ఇవ్వాలి. పరిహారం లెక్కలో దాన్ని సాక్ష్యంగా ఒప్పుకోవాలి.

ప్రభుత్వం కదిలేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. టేపు పట్టి ఇల్లు, బావి కొలవండి. చెట్లు లెక్కపెట్టండి. తేదీ పడేలా ఫోన్‌లో ఫోటోలు తీసి, ఇరుగుపొరుగు సంతకాలతో కాగితం రాసి, ఒక నకలు సంఘం దగ్గర ఉంచండి. రేపు మన తరఫున మాట్లాడేది ఆ కాగితమే.