షరియత్ ఇచ్చింది, ఆచారం గుంజుకుంది

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లో పెరిగిన తెలుగు దూదేకుల బిడ్డను నేను. తాత, అమ్మమ్మ పోయాక గుంటూరు జిల్లాలోని పొలాన్ని మేనమామలిద్దరే పంచుకున్నారు. అమ్మ ఇక్కడినుంచి రైలెక్కి వెళ్లి, హక్కు వదులుకుంటున్నానని సంతకం పెట్టి వచ్చింది. "కట్నం ఇచ్చాంగా" అన్నారు.

ఖురాన్ నాలుగో సూరా ప్రకారం కొడుక్కి రెండు వంతులైతే కూతురికి ఒకటి. అంటే అమ్మది అయిదో వంతు. 1937 షరియత్ చట్టం ఆచారాన్ని పక్కనపెట్టినా వ్యవసాయ భూమిని మినహాయించింది. గుంటూరు అప్పట్లో భాగంగా ఉన్న మద్రాసు రాష్ట్రం 1949లో ఆ మినహాయింపునూ తీసేసింది. అయినా అమ్మకు సెంటు భూమి రాలేదు.

1937 దాకా చాలాచోట్ల ముస్లింల వారసత్వం హిందూ ధర్మశాస్త్రం ప్రకారమే నడిచిందని 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గుర్తుచేశారు. చట్టం మారింది, ఆ ధర్మశాస్త్రం మాత్రం మా ఇళ్లలోనే కూర్చుంది.

షరియత్ రక్షణకు సభలు పెట్టే పెద్దలారా, ఆ ఒక్క వంతు ఏది? ముస్లిం మహిళల కోసం కన్నీరు కార్చే కాషాయ నేతలారా, కట్నంతో సరిపెట్టే ఆచారం మీ ఇళ్లలో లేదా?

నాకు కావలసింది సమాన వాటా. ముందు ఉన్న వంతయినా ఇప్పించండి. ఆచారంతో రాజీ అంటే ఇన్నాళ్లూ ఆడవాళ్లు రాజీపడటమే.