ఏ షుగర్?

ఇంగ్లీషువాళ్ళకి వావివరసలు తెలియవని మనం నవ్వుకుంటూ వుంటాం. పెదనాన్న, బాబాయి, మేనమామ, మేనత్త మొగుడు, అందర్నీ కలిపి ‘అంకుల్’ అని సరిపెట్టుకుంటారని వాళ్ళ మీద మనకి చిన్నచూపు. అలా నవ్వే మనమే ఒక ప్రాణాంతకమైన విషయంలో సరిగ్గా ఆ పనే చేస్తున్నాం. కారణం వేరు, నడక వేరు, మందు వేరు అయిన నాలుగైదు జబ్బుల్ని ఒకే గాటన కట్టి ‘షుగర్’ అని పిలుస్తున్నాం. చుట్టరికంలో వరస తప్పితే నవ్వులపాలవుతాం, అంతే. ఇక్కడ తప్పితే మనిషే పోవచ్చు. ఇది అతిశయోక్తి అనుకునేవారు ఈ కింది సంగతులు చిత్తగించాలి.

మనం తిన్న అన్నం గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది. దాన్ని శరీరం వాడుకోవాలంటే ఇన్సులిన్ కావాలి. ఇన్సులిన్‌ని తయారుచేసేవి క్లోమగ్రంథిలోని బీటా కణాలు. టైప్ 1లో, శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే ఆ కణాల మీద పడి నాశనం చేస్తుంది. ఇన్సులిన్ దాదాపు లేకుండా పోతుంది. టైప్ 2లో ఇన్సులిన్ వుంటుంది, కాని శరీరం దాని మాట సరిగా వినదు. క్లోమం ఎక్కువెక్కువ తయారుచేసి, ఏళ్ళ తరబడి శ్రమపడి, క్రమంగా అలిసిపోతుంది. గర్భిణీ స్త్రీలలో కనిపించి, కాన్పయ్యాక సాధారణంగా తగ్గిపోయేది మరొకటి. ఒకే ఒక్క జన్యువులోని లోపం వల్ల వచ్చేవి ఇంకొన్ని.

రక్తపరీక్షలో మాత్రం వీటన్నిటికీ ఒకే అంకె రావచ్చు. థర్మామీటరు పెడితే మలేరియాకీ, టైఫాయిడ్‌కీ, డెంగీకీ కూడా 103 చూపించవచ్చు. అంతమాత్రాన మూడూ ఒకటేనని ఎవరూ అనరు. ‘ఏం జ్వరం?’ అని ఊళ్ళో చదువురాని ముసలమ్మ కూడా అడుగుతుంది. ‘ఏ షుగర్?’ అని మాత్రం చదువుకున్నవాళ్ళే అడగరు.

అడగకపోవటం వల్ల మొట్టమొదట నష్టపోయేది పిల్లలు. ఈ బాలింకాలిగ్‌లోనూ, కార్క్ చుట్టుపక్కలా వున్న మన కుటుంబాలు వేసవి సెలవులకి ఇంటికి వెళ్ళటం మామూలే. టైప్ 1 వున్న పిల్లని వెంటబెట్టుకు వెళ్ళిన తల్లికి అక్కడ ఏమి ఎదురవుతుందో మనలో చాలామందికి తెలుసు. “చిన్నప్పుడు చాక్లెట్లు పెట్టి పాడుచేశావు” అని ఆడపడుచు. “మా వైపు ఎవరికీ లేదు, మీ వాళ్ళ నుంచే వచ్చి వుంటుంది” అని అత్తగారు. “పసిదానికి రోజుకి నాలుగు సూదులేమిటమ్మా! ఫలానా ఊళ్ళో పసరు ఇస్తారు. ఓ వారం ఆ ఇన్సులిన్ ఆపి చూడండి” అని పొరుగింటి పెద్దాయన. వీళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. పిల్ల మీద ప్రేమతోనే అంటారు. కాని వాళ్ళకి తెలిసిన షుగర్ టైప్ 2. కాకరకాయ తిని, పొద్దున్నే నాలుగు మైళ్ళు నడిచి, తమ అంకె తగ్గించుకున్నవాళ్ళు వాళ్ళు. తమకి తెలిసిన జబ్బుకి పనికొచ్చిన సలహాని తమకి తెలియని జబ్బుకి ఇస్తున్నారు.

చాక్లెట్ల వల్ల టైప్ 1 రాదు. తల్లి పెంపకం వల్ల రాదు. కుటుంబంలో ఇంతకుముందు ఎవరికీ లేకపోయినా వస్తుంది. ఇక ఇన్సులిన్ మానేస్తే ఏమవుతుందంటారా? వారం అక్కర్లేదు, ఒక్క రోజులోనే ప్రమాదం మొదలు కావచ్చు. గ్లూకోజుని వాడుకోలేని శరీరం కొవ్వుని కరిగించుకుంటుంది, రక్తం ఆమ్లమయమవుతుంది. వాంతులు, కడుపునొప్పి, ఎగఊపిరి, మగత, ఆపైన స్పృహ తప్పటం. ఇన్సులిన్ రాకముందు ఈ పిల్లలు దాదాపు అందరూ పోయేవారు. 1922 జనవరిలో టొరంటోలో మొదటిసారి ఇన్సులిన్ తీసుకున్న లెనార్డ్ థాంప్సన్ 14 ఏళ్ళ కుర్రవాడు. చావుబతుకుల్లో వున్నవాడు మరో 13 సంవత్సరాలు బతికాడు. అంతటి మందుని ‘ఓ వారం ఆపి చూడండి’ అనటం, ఈత రానివాడిని నడి గోదావరిలో పడవ దిగి చూడమనటమే.

జబ్బు బయటపడక ముందు కూడా ఇదే కథ. పిల్లవాడు విపరీతంగా నీళ్ళు తాగుతున్నాడు, మాటిమాటికీ మూత్రానికి వెళుతున్నాడు, మానేసిన పక్కతడపటం మళ్ళీ మొదలుపెట్టాడు, చిక్కిపోతున్నాడు, నీరసంగా వున్నాడు. ‘షుగర్ పెద్దవాళ్ళ జబ్బు గదా’ అని ఎవరికీ అనుమానం రాదు. ఎండ అంటారు, నులిపురుగులంటారు, దిష్టి అంటారు. వేలి మీద ఒక్క బొట్టు రక్తంతో నిమిషంలో తేలేదానికి రోజులు గడిచిపోతాయి. ఆ రోజులే ప్రాణం మీదికి తెస్తాయి.

ఇక ఆహారాల సంగతి. వీరమాచనేని రామకృష్ణ గారు ప్రచారం చేసిన కొబ్బరినూనె ఆహారపద్ధతి 2018 నాటికి తెలుగునాట ఇంటింటి మాట అయింది. దాని బాగోగుల మీద బోలెడన్ని వాదాలు జరిగాయి, వాటి జోలికి నేను పోను. నా ఆక్షేపణ ‘షుగర్ పోతుంది’ అని నోటి నుంచి నోటికి పాకే మాట మీద. టైప్ 2 వున్నవారిలో కొందరికి బరువు బాగా తగ్గితే, మందులు లేకుండానే చక్కెర అదుపులోకి వస్తుందన్నది నిజం. బ్రిటన్‌లో జరిగిన ‘డైరెక్ట్’ పరిశోధన ఫలితాలు 2017లో వచ్చాయి. రోజుకి సుమారు 850 కాలరీల ఆహారంతో మొదలుపెట్టి బరువు తగ్గినవారిలో, ఏడాది తిరిగేసరికి నూటికి 46 మంది ఆ స్థితికి చేరారు. కాని ఆ పరిశోధనలోకి తీసుకున్నది ఎవర్ని? టైప్ 2 వచ్చి ఆరేళ్ళు దాటనివాళ్ళని, ఇన్సులిన్ వాడనివాళ్ళని. టైప్ 1 వున్నవారికి ఆ ఫలితం వర్తించదు. ‘టైప్ 2’ అనే మాట తీసేసి ‘షుగర్’ అని పెట్టగానే, ఒక మంచి వార్త కాస్తా విషమైపోతుంది.

“పేరేదైతేనేం, చక్కెర తగ్గిస్తే సరి గదా” అనేవారున్నారు. ఇలా అనేవారిలో డాక్టర్లు కూడా వుండటం విచారకరం. బ్రిటన్ ప్రధానిగా పనిచేసిన థెరెసా మే గారికి 2012లో, 56వ ఏట మధుమేహం బయటపడింది. వయసుని బట్టి టైప్ 2 అనుకుని మాత్రలు ఇచ్చారు, అవి పనిచెయ్యలేదు. తరవాత టైప్ 1 అని తేలి ఇన్సులిన్ మొదలుపెట్టారు. మంత్రిపదవిలో వున్నావిడకే అలా జరిగితే, గుంటూరులోనో కరీంనగర్‌లోనో వున్న మన పిన్నిగారి సంగతేమిటి?

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా వుంది. పుట్టిన ఆరు నెలల లోపల వచ్చే మధుమేహం సాధారణంగా టైప్ 1 కాదు. దానికి కారణమైన ఒక జన్యులోపాన్ని ఎక్సెటర్ పరిశోధకులు 2004లో బయటపెట్టారు. జన్యుపరీక్షలో ఆ లోపం తేలిన పిల్లల్లో చాలామందికి ఇన్సులిన్ బదులు మాత్రలు సరిపోతాయని 2006లో రుజువైంది. ఒకచోట సూది మానితే ప్రాణం పోతుంది. మరొకచోట డాక్టరే సూది మానిపించవచ్చు. ఈ తేడా రక్తంలో చక్కెర అంకె చెప్పదు, రకం తేలితేనే తెలుస్తుంది.

మరొకటి మన బీదవాళ్ళకి సంబంధించింది. చిన్నతనంలో కడుపునిండా తిండి లేక, ఎండుపుల్లలా వుండే యువకులకి వచ్చే మధుమేహాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో వేరే రకంగా గుర్తించి, 1999లో ఆ పేరు తీసేసింది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ, అమెరికాలోని ఐన్‌స్టీన్ కాలేజీ వైద్యులు కలిసి చేసిన పరిశోధనల దరిమిలా, అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2025లో దానికి ‘టైప్ 5’ అని పేరు పెట్టింది. వీళ్ళకి ఇన్సులిన్ ఎక్కువైతే చక్కెర పడిపోయి ప్రమాదం. ఇంట్లో తినటానికి లేనివాడికి ‘తిండి తగ్గించు’ అని చీటీ రాసి ఇవ్వటం కంటే క్రూరమైన హాస్యం ఇంకేముంటుంది?

టైప్ 1 పిల్లల తరఫున మాట్లాడేవారికీ ఒక మనవి. “మాది తిని తెచ్చుకున్న జబ్బు కాదు” అంటూ వుంటారు. అందులో బాధ వుంది, కాని ఆ మాట పక్కవాడి మీద రాయి వేస్తుంది. టైప్ 2 కూడా పాపఫలం కాదు. అందులో వంశపారంపర్యం బలంగా వుంది. మన దేశస్థులకి తెల్లవాళ్ళ కంటే తక్కువ బరువులోనే, తక్కువ వయసులోనే వస్తుంది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహం వున్నవారు 10 కోట్ల 10 లక్షలమంది. ఇంతమందినీ తిండిపోతులని ఎలా అంటాం? అలా అన్నందువల్లే జనం జబ్బు దాచుకుంటారు. ఇన్సులిన్ రాస్తే ‘ఇక ఆఖరి దశ’ అని బెంబేలెత్తి మానేస్తారు. టైప్ 1 వున్న ఆడపిల్ల పెళ్ళిచూపుల నాడు గది తలుపు వేసుకుని సూది పొడుచుకుంటుంది. వసీం అక్రమ్‌కి 1997లో టైప్ 1 బయటపడింది. 2003లో వన్డేల్లో 500 వికెట్లు పూర్తిచేశాడు. ఆ బౌలింగుకి చప్పట్లు కొట్టిన మనమే సంబంధం మాటొచ్చేసరికి ‘అమ్మాయికి షుగరటగా’ అని లేచి వచ్చేస్తాం.

రకాలనేవి పాశ్చాత్యులు తెచ్చిన గొడవ అనుకోకండి. ప్రమేహం రెండు విధాలనీ, పుట్టుకతో వచ్చేది ఒకటి, అపథ్యం వల్ల వచ్చేది ఒకటి అనీ, మొదటివాడు కృశించి వుంటాడు, రెండోవాడు స్థూలంగా వుంటాడనీ సుశ్రుతుడు ఏనాడో చెప్పాడు. లండన్‌లో హిమ్స్‌వర్త్ ఇన్సులిన్‌కి లొంగేది, లొంగనిది అని రెండుగా విడదీసింది 1936లో. సుశ్రుతుడి పేరు చెప్పి చూర్ణాలు అమ్ముకునేవాళ్ళు ఆయన చేసిన ఈ విభజనని మాత్రం సీసా మీద అచ్చు వెయ్యరు.

అందుచేత నేను కోరేది చిన్న పని. ఇక్కడ ఐర్లండ్‌లో 2020లో జి.పి.ల ద్వారా మొదలైన దీర్ఘవ్యాధుల కార్యక్రమంలో చేర్చింది టైప్ 2ని, టైప్ 1 వారిని చూసేది ఆస్పత్రి క్లినిక్కులు. రకం తేలకపోతే ఏ తలుపు తట్టాలో కూడా తేలదు. ఇంటి దగ్గర అమ్మానాన్నల ఫైళ్ళలో మాత్రం చాలాసార్లు ‘షుగర్’ అనో ‘డి.ఎం.’ అనో రాసి వూరుకుంటారు. ఈసారి ఫోను చేసినప్పుడు ఏ రకమో డాక్టరు గారిని అడిగి రాయించుకోమనండి. సన్నగా వుండి, మాత్రలకి లొంగకపోతే, యాంటీబాడీల పరీక్ష అవసరమేమో అడగమనండి. ఎవరైనా ‘షుగర్‌కి మంచి మందుంది’ అని కబురు పంపితే, మెచ్చుకోకముందే, ఇంకొకరికి పంపకముందే, ‘ఏ షుగర్‌కి?’ అని ఎదురు ప్రశ్న వెయ్యండి. జవాబు చెప్పలేనివాడి మందు మనింట్లోకి రానివ్వకండి.