బడిలో పిల్లల పలుకు

మన పాఠశాలలలో చెవికి గల గౌరవము నోటికి లేదు. ఉపాధ్యాయుడు పలుకును, విద్యార్థి వినును. ప్రశ్న గురువుది, జవాబు పుస్తకముది. పదియేండ్లు బడిలో గడపి పరీక్షయందు కృతార్థుడైన బాలుడు, పదిమంది యెదుట నిలిచి తన యూరి చెరువును గూర్చి తల్లిభాషలో ఐదు నిమిషములు తడబడక చెప్పజాలకున్నాడు. ఇది బాలుని దోషము గాదు. నీట దింపకయే యీత నేర్పబూనిన విద్యకు ఫలమింతకన్న నెట్లుండును?

ఈ లోపమును దీర్చుటకు మిక్కిలి చౌకయైన సాధనమొకటి నేడు మన యుపాధ్యాయుల జేబులలోనే యున్నది. చేతిఫోనునందు మాటను ముద్రించు నేర్పాటు కలదు. ముద్రించినదానిని కత్తిరించి కూర్చుటకు ఆడాసిటీ వంటి సాఫ్టువేరు వెల లేకయే దొరకుచున్నది. ఇట్లు కూర్చిన ప్రసంగములను వరుసగా వెలువరించుటకు పాడ్‌కాస్టు అను పేరు 2004లో పుట్టినది. పేరు పరదేశపుది, పని మనకు క్రొత్తది గాదు. హరికథయు, బుర్రకథయు, ఒగ్గుకథయు విని పెరిగిన జాతికి మాట విలువ నొకరు బోధింపవలసిన పనిలేదు.

అయితే యంత్రము వచ్చినంతమాత్రమున విద్య రాదు. పలుకువారెవరు? పలుకవలసినదానిని నిర్ణయించువారెవరు? పలికినది యెవరి యధీనమున నుండును? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము దొరకినగాని దాని మేలుకీడులు తేలవు. మన చరిత్రయే యిందుకు సాక్షి. గ్రియర్సను దొరగారి భారతదేశ భాషా పరిశీలనమునకై 1913 మొదలు 1929 వరకు మన దేశభాషలను గ్రామఫోను పలకలపై కెక్కించిరి. ఆ పరిశీలనమున భాష భాషకు మచ్చుగా నెన్నుకొన్నది బైబిలులోని తప్పిపోయిన కుమారుని కథ. పలకల ప్రతులు లండను చేరినవి. ఆ పనివలన శాస్త్రమునకు గలిగిన మేలును మేము కాదనము. నాటి కంఠములు నేటికిని వినవచ్చుట యందువలననే గదా! కాని పలికినవారు మనవారు. పలుకవలసినదానిని నిర్ణయించినవారు పరులు. పలుకు చేరినది పరుల యింటికి.

గిడుగు రామమూర్తి పంతులుగారి మార్గము వేరు. ఆయన సవరల భాషను సవరల నోటనే నేర్చి, ఆ భాషలోనే వాచకములు వ్రాసి, వారి పిల్లలకు బడులు పెట్టించెను. ఆయన సవర నిఘంటువు 1938లో వెలువడినది. విన్నదానిని విన్నవారికే మరల విద్యగా నిచ్చుట యాయన ధర్మము. మన కాలమున జహీరాబాదు ప్రాంతపు మాచ్‌నూరులో 2008 అక్టోబరు 15న మొదలైన సంఘం రేడియో నిట్టిదియే. దళిత స్త్రీలే దానిని నడపుచు, విత్తనములను గూర్చియు చిరుధాన్యములను గూర్చియు తమ పలుకుననే తమవారితో ముచ్చటించిరి. పల్లెటూరి స్త్రీలకు సాధ్యమైనది పల్లెటూరి బడికేల సాధ్యము గాకపోవును?

పని యెట్లు జరుగవలెనో చెప్పెదము. ఏడవ తరగతివారిని ఐదుగురేసి జట్లు చేయుడు. ఒకరు ప్రశ్నింపవలెను, ఒకరు ముద్రింపవలెను, ఒకరు వ్రాసికొనవలెను, ఒకరు కూర్పవలెను, ఒకరు పరిచయవాక్యములు పలుకవలెను. నెల మారినపుడు పనులు మారవలెను. ఫోను గురువుగారి యొక్కటి చాలును. తరగతి గది గోడలు మాటను మారుమ్రోగించును గావున, దుప్పట్లు పరచిన చిన్నగదిలో పంకా నాపి, నోటికి జానెడు దూరమున ఫోను నుంచిన మాట తేటగా వచ్చును. ఊరి వడ్రంగిని, మగ్గము నేయువానిని, మంత్రసానితనము చేసిన ముదుసలిని, మోట తోలిన వృద్ధుని బడికి బిలువుడు.

అచ్చట మొదటి పాఠము ప్రశ్న వేయుట. “తాతా, మీ కాలమున సేద్యమెట్లుండెడిది?” అని యడిగిన “బాగుండెడిది” అనును, అంతటితో సరి. “మోట తోలునపుడు ఎద్దులను వెనుకకెట్లు నడిపించెడివారు?” అని యడిగిన అరగంట మాట వచ్చును, అందు నిఘంటువున కెక్కని పదములు పదియైనను దొరకును. వానిని విన్నది విన్నట్లు వ్రాయుట రెండవ పాఠము. అరగంట మాటలో నిలుపదగిన ఐదు నిమిషము లెవ్వియో తేల్చుట మూడవది. ఈ మూడును భాషావిద్యయే గాని యంత్రవిద్య గాదు.

బాలుడు తన కంఠమును తాను వినుటలో మరియొక లాభము కలదు. ళకారము లకారమైనదియు, ధర్మము దర్మమైనదియు గురువు బెత్తము లేకయే వానికి దెలియును. అయితే తప్పు వేరు, యాస వేరు. శ్రీకాకుళపు బాలుని పలుకును, పాలమూరి బాలిక పలుకును, కడప రైతుబిడ్డ పలుకును వెక్కిరించి నోరు మూయించిన పాపము మన బడులకు చాలకాలముగా నున్నది. తన యవ్వ మాట బడి ప్రసారమున గౌరవముతో వినబడిన నాడు ఆ బిడ్డ తలయెత్తి పలుకును. భాషాభిమాన మనగా నిదియే. సభలలో దండలు వేయుట గాదు.

పరీక్షలకే కాలము చాలదని కొందరందురు. వారమున కొక్క గంట నడుగుచున్నాము. ఆ గంటలో చదువుట, వ్రాయుట, వినుట, పలుకుట నాలుగును గలవు. ఫోను పిల్లలను చెరచునని తలిదండ్రులు భయపడుదురు. ఆ భయము న్యాయమే; గావుననే ఫోను గురువు చేతనుండవలెను, ముద్రణమునకు ఇంటర్నెట్టు తగిలింపరాదు. బిడ్డల కంఠములను విదేశీయ సంస్థల గిడ్డంగులకు దోసిలియొగ్గి యర్పించుటకు మేము సమ్మతింపము. 2023లో మన పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము సైతము పదునెనిమిదేండ్లు నిండనివారి విషయమున తలిదండ్రుల యనుమతి కావలెనని చెప్పుచున్నది. బడి పలుకు బడి పెట్టెలో నుండవలెను. వెలువరింపవలెనన్న బిడ్డయు, తలిదండ్రులును, మాట చెప్పిన పెద్దలును ఒప్పుకొనవలెను.

మేమధికముగా భయపడునది వేరొకటి. 2020లో బడులు మూతపడినపుడు ఆకాశవాణి, దూరదర్శన్ పాఠములు పిల్లలకు ఆపద్ధర్మముగా నక్కరకు వచ్చినవి. ఆ యాపద్ధర్మమునే నిత్యధర్మము చేసి, పట్టణమున ముద్రించిన గొంతు నొకదానిని వేయి బడులలో వినిపించి గురువును తొలగింపజూచిన, అది విద్య గాదు, పొదుపు. యంత్రము బాలుని చెవికి గాక నోటికి దోడు గావలెను.

ప్రభుత్వము క్రొత్త యంత్రములు కొని బీరువాలలో తాళము వేయనక్కరలేదు. తెలుగు పరీక్షయందు మాటకు గూడ మార్కులీయవలెను. ఉపాధ్యాయులకు శిక్షణ మీయవలెను. అంతదనుక మన గురువులు కాచుకొని యుండరాదు. మోట తోలిన తాత నేడు కలడు. వచ్చు వేసవికి కలడో లేడో! ఈ వారమే వానిని బడికి బిలువుడు.