అర్జీ ఎవరి చేతికి ఇవ్వాలి?

2024 జూన్‌లో కృష్ణగిరి ఎంపీ కె. గోపీనాథ్ లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేసినప్పుడు, హోసూరులో మా ఉపాధ్యాయుల గదిలో ఆ వీడియో ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు తిరిగింది. నేనూ రెండుసార్లు చూశాను. సంతోషం కలగలేదంటే అబద్ధం. ఆ సాయంత్రం బడి గేటు ముందు మురుగునీరు మాత్రం ఎప్పటిలాగే నిలిచి ఉంది. ఒకటో తరగతి పిల్లలు రాయి మీంచి రాయి మీదికి కాలు వేసుకుంటూ ఇంటికి వెళ్లారు. ఢిల్లీలో వినిపించిన తెలుగుకూ మా గేటు ముందు మురుగుకూ నడుమ ఉండే మనిషి వార్డు కౌన్సిలర్. మన బడుల గురించి మాట్లాడేటప్పుడు మనం ఎక్కువగా మరిచిపోయేది ఈ మనిషినే.

హోసూరు 2019లో నగరపాలక సంస్థ అయింది. 45 వార్డులు. 2022 ఫిబ్రవరి ఎన్నికల్లో గెలిచినవాళ్లు మార్చి 2న ప్రమాణం చేశారు. ఇక్కడ ఓటు అడగడానికి వచ్చినవారి నోట గడపను బట్టి భాష మారుతుంది. ఒక ఇంట తెలుగు, పక్కింట కన్నడం, ఆ పక్కింట తమిళం. గెలిచాక కౌన్సిల్ హాల్లో అంతా తమిళమే. అజెండా తమిళం, తీర్మానం తమిళం, టెండరు కాగితం తమిళం. తెలుగు మీడియంలో చదివి, వీధిలో నేర్చిన తమిళంతో నెగ్గుకొచ్చిన మా తరం వాళ్లకు ఇదే మొదటి గండం. మాట్లాడగలరు. ఇరవై పేజీల అజెండా చదివి, పన్నెండో అంశం దగ్గర చెయ్యెత్తి అభ్యంతరం చెప్పాలంటేనే కష్టం.

మా బడి పిల్లల తల్లిదండ్రులు ఒకసారి తమ కౌన్సిలరమ్మకు అర్జీ రాశారు. నేనే దిద్దిపెట్టాను కాబట్టి తప్పులో నాకూ వాటా ఉంది. ఒకటిన్నర పేజీ, చక్కటి తెలుగు. మొదట తెలుగు టీచరు పోస్టు, తర్వాత బడి తెరిచే నాటికి పుస్తకాలు, తర్వాత ఇంకేవో. అన్నిటికన్నా కింద, చివరి వరుసలో మురుగుకాలువ. ఆమె చదివి నవ్వారు.

"సారూ, టీచర్ను వేసేది నేనా? పుస్తకాలు అచ్చేసేది నేనా? నేను చేయగలిగింది కాలువ ఒకటే, దాన్ని తోకలో పెట్టినారే!"

ఆ మాటతో అర్జీని రెండుగా విడదీశాం. పోస్టు సంగతి విద్యాశాఖ కార్యాలయానికి పోయింది. కాలువ సంగతి వేరే కాగితం మీద, తమిళంలో, వీధి పేరు, ఎన్ని అడుగులు, ఏ ఇంటి నుంచి ఏ ఇంటి దాకా అని రాసి ఆమెకిచ్చాం. రెండు నెలలు పట్టింది గాని కాలువ కట్టారు, పైన బండలు వేశారు. పోస్టు ఇంకా రాలేదు.

ఆమె చెప్పింది న్యాయమే. ఉపాధ్యాయ నియామకం రాష్ట్ర విద్యాశాఖ చేతిలోది. బడి ముందు రోడ్డు, వీధిదీపం, నీటి కుళాయి, చెత్త ఎత్తడం నగరపాలక సంస్థ పనులు. ఈ తేడా తెలియక మన వాళ్లు ఏళ్ల తరబడి తప్పు గడప దగ్గర నిలబడ్డారు. అయినా ఆమె మాట నాకు సగమే నిజమనిపిస్తుంది. రాజ్యాంగంలో 350ఏ అధికరణం ఉంది. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో పాటు ఏడో సవరణ ద్వారా చేర్చారు. భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించడానికి ప్రయత్నించే బాధ్యతను అది రాష్ట్రం మీద మాత్రమే పెట్టలేదు. రాష్ట్రంలోని ప్రతి స్థానిక సంస్థ మీదా పెట్టింది. అంటే కౌన్సిల్ టీచరును వేయలేకపోయినా, ఫలానా బడిలో పోస్టు ఖాళీగా ఉంది, భర్తీ చేయండి అని తీర్మానం చేసి విద్యాశాఖకు పంపవచ్చు. తల్లిదండ్రుల అర్జీ కంటే తీర్మానం బరువు ఎక్కువ. అలా తీర్మానం పెట్టమని మన వాళ్లెవరైనా కౌన్సిలర్ను అడిగారా? మేము అడగలేదు.

350వ అధికరణం కూడా తెలుసుకోదగ్గదే. కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి అర్జీ పెట్టుకునే హక్కు దానితో వచ్చింది. హక్కు సరే. నా అనుభవంలో ఫైలు కదలాలంటే తెలుగు కాగితం వెనక తమిళ ప్రతి కుట్టాలి.

ఇక్కడ మన వాళ్లకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. 2006 తమిళ అభ్యసన చట్టం మీద మనం కోర్టుల దాకా వెళ్లాం. మాతృభాషకు పరీక్షలో చోటు పోతుందన్న భయం నిజమైనదే, ఆ పోరాటంలో నేనూ సంతకాలు చేశాను. కానీ ఒకటో తరగతి నుంచి తమిళం చదివిన మా పిల్లలు ఇప్పుడు అజెండాను గడగడా చదువుతారు. మా పూర్వ విద్యార్థి ఒకడు ఆ కౌన్సిలరమ్మ దగ్గర కూర్చుని కాగితాలు చదివి తెలుగులో చెబుతున్నాడు. రేపు అతనే పోటీ చేయవచ్చు. తెలుగు నిలవాలి, తమిళమూ రావాలి. కౌన్సిల్లో కూర్చోవాలంటే రెండూ కావాలి.

కౌన్సిలర్ బతుకూ తేలికైంది కాదు. 2023 జూలై నుంచి నగరపాలక కౌన్సిలర్లకు నెలకు 10,000 రూపాయల గౌరవ వేతనం ఇస్తున్నారు. పెళ్లిళ్ల చదివింపులకే సరిపోదంటారు. సగం స్థానాలు మహిళలవి. కొన్ని చోట్ల గెలిచింది భార్య, ఫోనెత్తేది భర్త. మా కౌన్సిలరమ్మ ఫోను తానే ఎత్తుతారు. ఆమె మనవలు మాత్రం ఇంగ్లీషు మీడియంలోనే ఉన్నారు. అడ్మిషన్ల రోజుల్లో మా బడి కోసం నాలుగు వీధులు తిరిగినప్పుడు ఒక తల్లి ఆ సంగతే అడిగేసింది. కౌన్సిలరమ్మ తల దించుకున్నారు. నాకూ జవాబు తోచలేదు.

అసలు కౌన్సిలరే లేని ఊళ్లను చూస్తే ఈ ఇబ్బందులు చిన్నవే. యానాంలో జనం భాష తెలుగే. పుదుచ్చేరిలో 38 ఏళ్ల తర్వాత 2006లో మునిసిపల్ ఎన్నికలు జరిగాయి, 2011లో గడువు తీరాక మళ్లీ జరగలేదు. అక్కడ కుళాయి రాకపోతే ఎమ్మెల్యే దగ్గరికో ఆఫీసుకో పోవాల్సిందే. మా హోసూరు చుట్టుపక్కల పల్లెల్లోనూ 2025 జనవరి 5తో పంచాయతీల గడువు తీరి, పాలన ప్రత్యేకాధికారుల చేతికి పోయింది. తెలుగు బడులున్న పల్లెల్లో ప్రెసిడెంటు ఇంటి అరుగు మీద తేలిపోయే చిన్న పనులు కూడా ఆఫీసు మెట్లెక్కాయి.

నగరంలో ఏరియా సభలు ఉన్నాయి. తమిళనాడులో 2022 నవంబరు 1న మొదలయ్యాయి. వార్డును ఏరియాలుగా విడగొట్టి, కౌన్సిలర్ సమక్షంలో జనం తమ అవసరాలు చెప్పుకునే సభ ఇది. మా ఏరియా సభకు ఒకసారి వెళితే వచ్చిన కొద్దిమందిలో బడి గురించి మాట్లాడింది నేనొక్కణ్ణే. నాకు ముందు మాట్లాడిన పెద్దాయన కుక్కల బెడద గురించి అరగంట తీసుకున్నారు. అది అక్కరలేని సంగతని అనను. పిల్లల్ని కరిచేదీ ఆ కుక్కలే.

ఈ కౌన్సిల్ అయిదేళ్ల గడువు 2027 మార్చితో ముగుస్తుంది. ఆలోగా పోస్టు గురించి తీర్మానం పెట్టించాలని ఈసారి కాగితం ముందే రాసి పెట్టుకున్నాం. తమిళంలో ఒక పేజీ, కింద 350ఏ, బడిలో పిల్లల సంఖ్య, ఖాళీగా ఉన్న పోస్టు వివరం. తెలుగు ప్రతి వెనక కుట్టాం. వచ్చే ఏరియా సభకు పదిమంది తల్లులు వస్తామన్నారు. ఆదివారమైతేనే వస్తామన్నారు, కూలి పోతుంది కదా. సభ ఆదివారం పెట్టమని కౌన్సిలరమ్మను అడగాలి.