ఎక్కేటప్పుడొక ధైవతం, దిగేటప్పుడొక ధైవతం

మియాపూర్ మెట్రో స్టేషనుకు వెళ్ళే దారిలో, ఒక మేడమీద నడిచే కీబోర్డు తరగతికి మా మనుమరాలిని తీసికొనిపోవడం పదవీవిరమణానంతరం నాకు దక్కిన ఉద్యోగం. మొన్న అది ముఖం ముడుచుకొని వచ్చింది. మెలోడిక్ మైనర్ అనే స్వరశ్రేణిని ఎక్కేటప్పుడు ఒక తీరున, దిగేటప్పుడు మరొక తీరున వాయించాలట. ఎందుకని అడిగితే "రూల్ అంతే, బట్టీ పట్టు" అన్నారట.

ఆ జవాబు నాకు కొత్త కాదు. గసడదవాదేశ సంధి చెబుతూ ఏళ్ళ తరబడి నేను పిల్లలకిచ్చినదీ అదే. అందుకే మనసు చివుక్కుమన్నది.

సంగతి ఇది. మైనరు సహజరూపం మన 20వ మేళం నఠభైరవి. అందులోని నిషాదం పై షడ్జానికి దూరంగా ఉండి, దాని వైపు లాగదు. పాశ్చాత్యులు స్వరాలను గుత్తులుగా పలికిస్తారు గనుక వారికి ఆ లాగుడు అవసరం. నిషాదాన్ని అరమెట్టు పెంచారు. అది కీరవాణి, 21వ మేళం. (ఈ పేరు వినగానే మనవారికి సినిమా సంగీత దర్శకుడే గుర్తుకొస్తాడు!) దానితో ధైవత నిషాదాల నడుమ మూడు అరమెట్ల ఎడం పడింది. మన చెవికది ఇంపే. వారి గాయకులకు ఎగుడుదిగుడుగా తోచింది. ధైవతాన్నీ పెంచారు. అది 23వ మేళం గౌరీమనోహరి. గురువు ఆవశ్యకతను చెప్పే కీర్తనను త్యాగయ్య ఈ రాగంలోనే కూర్చాడు. తరగతి నడిపేవారికి వినిపించాలనిపించింది. ఇక దిగేటప్పుడు షడ్జం వైపు లాగుడు అక్కరలేదు కనుక మళ్ళీ నఠభైరవే.

ఇది తెలుగు పిల్లకు వింత కానక్కరలేదు. భైరవి రాగం లేదా? పచ్చిమిరియం ఆదియప్పయ్య "విరిబోణి" వర్ణం విన్నవారికి దాని రెండు ధైవతాలూ పరిచయమే. "పదనిస" అని పైకి పోతే చతుశ్శ్రుతి ధైవతం. "సనిదప" అని దిగితే శుద్ధ ధైవతం. పంచమం నుంచి ధైవతం దాకా పోయి "పదప" అని వెనుదిరిగితే అదీ శుద్ధ ధైవతమే. అంటే ముఖ్యం ఎక్కడమూ దిగడమూ కాదు, స్వరం ఎక్కడికి పోదలచిందన్నది. అక్కడా అంతే. బాఖ్ రచనల్లో దిగేటప్పుడు కూడా పెంచిన స్వరాలు కనిపిస్తాయి. జాజ్ వాద్యకారులు రెండు దిక్కులా గౌరీమనోహరినే వాయిస్తారు. వ్యాకరణ పరిభాషలో ఇది "బహుళం". "వాడు వోయె" అనవచ్చు, "వాడు పోయె" అనీ అనవచ్చు. బహుళాన్ని నిత్యంగా బోధించడమే నా ఫిర్యాదు.

"అంతా మన దగ్గరనుంచే పోయింది" అని ఎవరైనా వ్యాఖ్య రాయకముందే చెబుతున్నాను, నా మాటకర్థం అది కాదు. అవసరాలు వేరు, దారులు వేరు. తెలిసిన చెవి నుంచి తెలియని దానికి తీసికొనిపొమ్మంటున్నానంతే.

ఇంటికి వచ్చి వర్ణం వినిపించాను. మనుమరాలు కీబోర్డు మీద వెతికి వెతికి, "తాతయ్యా, రెండు ద లు దొరికాయి. మరి భైరవిలో ని ఎందుకు మారలేదు?" అన్నది. మనం స్వరాలను గుత్తులుగా పలికించం, అందుచేత ఆ లాగుడు మనకక్కరలేదన్నాను. నమ్మలేదు. మంగళవారం తరగతిలో అడిగి వస్తానన్నది.