స్తంభం వెనక సీటు

హాస్టల్‌కి వచ్చిన మొదటి ఆదివారం పొద్దున ఐదున్నరకే మెలకువొచ్చింది. ఒంగోలు దగ్గర మా ఊళ్లో అయితే ఆ టైముకి చర్చి మైకులో పాటలు మొదలైపోతాయి. అనంతపురంలో కిటికీ తీస్తే గాలి, దుమ్ము, దూరంగా ఒక బోడి గుట్ట. నేను బట్టలు తీసుకుని స్నానానికి బయల్దేరుతుంటే రూమ్‌మేట్ దుప్పట్లోంచి "పండుకో మే, ఆదివారం గదా" అంది. ఆదివారం కాబట్టే లేచాను అని చెప్పాలనిపించింది, చెప్పలేదు.

ముందు నా తెలుగు గురించి ఒక మాట. నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం, మార్కుల కోసం, మీలో సగం మందిలాగే. నాకు తెలుగు చదవడం నేర్పింది మా నాయనమ్మ, బైబిల్లో అక్షరాల కింద వేలు పెట్టి. అందుకే నేను వాట్సాప్‌లో కూడా అప్పుడప్పుడు "నిశ్చయముగా" అని టైప్ చేస్తాను. క్లబ్‌లో సీనియర్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

మొదటి నెల నాలుగు ఆదివారాలు నాలుగు చర్చిలకి వెళ్లాను. మ్యాప్స్‌లో వెతికితే పిన్నులే పిన్నులు, ఏది ఏంటో తెలీదు. అనంతపురం చిన్న ఊరే అనుకుంటాం గానీ భాషల్లో చిన్నది కాదు. ఆటో ఎక్కితే తెలుగు, పక్క సీట్లో ఉర్దూ, బస్టాండ్‌లో కన్నడ బోర్డు బస్సులు, హాస్టల్లో ఇద్దరు లంబాడీ అమ్మాయిలు ఇంటికి ఫోన్ చేస్తే మాకు ఒక్క ముక్క అర్థం కాదు. నా తెలుగే ఇక్కడ పరభాష. మరమరాలు అంటే షాపాయన మొహం చూశాడు, బొరుగులు అనాలంట. ఉగ్గాని తిన్నాక ఆ పేరు ఒప్పేసుకున్నా.

చర్చిలు కూడా అలాగే, ఒక్కోదానికి ఒక్కో తెలుగు. మేం బాప్తిస్టులం. మాకు బాప్తిస్మం అంటే పెద్దయ్యాక నీళ్లలో పూర్తిగా ముంచడం. సి.ఎస్.ఐ.లో చంటిపిల్లలకి నీళ్లు చిలకరిస్తారు, నాకు మొదటిసారి చూసి ఆశ్చర్యం. క్యాథలిక్‌లు దాన్నే జ్ఞానస్నానం అంటారు. మేము ఆరాధన అంటే వాళ్లది దివ్యబలి పూజ, మా పాస్టరుగారు అక్కడ ఫాదర్, మా సంఘం అక్కడ విచారణ. భక్తసింగ్ గారు మొదలుపెట్టిన హెబ్రోను తరహా సహవాసంలో చెప్పులు విప్పి చాపల మీద కూర్చోవాలి, ఆడవాళ్లంతా ముసుగేసుకుని ఒక పక్క. మూడు గంటలైనా ఎవరూ వాచీ చూడరు, తర్వాత అందరికీ భోజనం. హాస్టల్ మెస్ తిన్న పిల్లకి ఆ సాంబారన్నం సువార్తలో భాగమే అనిపించింది.

నాలుగోది కుర్రాళ్ల ఇంగ్లిష్ సర్వీస్. గిటార్, ప్రొజెక్టర్, అందరూ నాలాంటి కోచింగ్ సరుకే. నాకు అదే సరిపోవాలి అసలు. పాటలన్నీ వచ్చు. కానీ కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టగానే లోపల తెలుగు వస్తోంది. కోడ్ ఇంగ్లిష్‌లో రాస్తా, ఎగ్జామ్ ఇంగ్లిష్‌లో రాస్తా, అమ్మకి బాలేదని దేవుడితో చెప్పుకునేటప్పుడు మాత్రం నాయనమ్మ భాషే.

చివరికి టౌన్‌లో ఒక పాత చర్చిలో కుదురుకున్నాను. పేరు రాయను, ఎందుకో కిందికి వస్తే తెలుస్తుంది. అక్కడ గుమ్మం దగ్గరే ఒక అవ్వ చెయ్యి పట్టుకుని "యా ఊరు పాపా మీది?" అంది. ఒంగోలు అంటే, "అంత దూరం నుంచి ఈ ఎండల్లోకి వచ్చినావా!" అని నవ్వింది.

ఒంగోలుకీ ఈ పీఠభూమికీ ఒక పాత చుట్టరికం ఉంది, కరువు చుట్టరికం. 1876-78 కరువు రెండు వైపులా జనాన్ని ఊడ్చేసింది. మా వైపు క్లౌ అనే అమెరికన్ బాప్తిస్టు మిషనరీ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి కూలి ఇప్పించాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందులో ఎక్కువమంది మాదిగవాళ్లు. మా ఇంట్లో ఈ కథ పండక్కోసారి చెబుతారు. ఇటువైపు కథ ఇంకా ముందుది. 1810లోనే లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు బళ్లారిలో దిగారు. అనంతపురం అప్పుడు బళ్లారి జిల్లాలోనే ఉండేది, 1882లో విడిపోయింది. బళ్లారికి వచ్చిన హాండ్స్ దొర బైబిల్‌ని కన్నడంలోకి తర్జుమా చేశాడు. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మిగతావాళ్లు కలిసి సి.ఎస్.ఐ. అయ్యారు. అంటే వేరే వేరే అలవాట్ల మనుషులు ఒక కప్పు కింద కూర్చోవడం ఈ నేలకి కొత్తేం కాదు. ఇంకో సంగతి, అనంతపురం పల్లెల్లో ఉత్త "ఫాదర్" అంటే చర్చి ఫాదర్ కాదు, 1969లో ఇక్కడికొచ్చి ఆర్డీటీ పెట్టిన విన్సెంట్ ఫెర్రర్. ఆయన కట్టించిన వాటిల్లో జనం చెప్పుకునేది ఇళ్లు, బళ్లు, బత్తలపల్లి ఆసుపత్రి.

ఇప్పుడు అసలు సంగతి.

నా క్లాస్‌మేట్ ఒకమ్మాయి ఉండేది. కళ్యాణదుర్గం వైపు పల్లె. వాన సరిగ్గా పడితే శనక్కాయ, పడకపోతే అమ్మానాన్న బెంగళూరులో బిల్డింగ్ పని. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల దాకా వాన పడే జిల్లా ఇది, అదీ సమయానికి పడదు. కాబట్టి బెంగళూరే ఎక్కువ. ఒకరోజు ఆ అమ్మాయి బాత్రూంలో బట్టలుతుకుతూ కూనిరాగం తీస్తుంటే విన్నాను, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోది. నాకు పరమానందం. "నువ్వు క్రిస్టియనా? చెప్పలేదేం!" అని కారిడార్‌లోనే గట్టిగా అరిచాను. ఆమె కుళాయి కట్టేసి వెళ్లిపోయింది. నాకు అప్పుడు కూడా అర్థం కాలేదు.

తర్వాత నాతో చర్చికి వచ్చేది. ఎప్పుడూ ఒకటే చోటు, ఎడమ వైపు రెండో స్తంభం వెనక. అక్కడి నుంచి అయ్యగారు కనపడరు. ముందుకి రా అంటే రాదు. సిగ్గేమో అనుకున్నా. ఆ డిసెంబర్‌లో సెమీ క్రిస్మస్ రోజు గ్రూప్ ఫోటో తీస్తుంటే భుజం పట్టుకుని లాగి నా పక్కన నిలబెట్టాను. రాత్రి ఇన్‌స్టాలో పెట్టి, పేరుతో సహా ట్యాగ్ చేశాను. పన్నెండింటికి ఫోన్ వచ్చింది. "తీసేయ్ మే. ఇప్పుడే తీసేయ్. నీకేం, నీ సర్టిఫికెట్లో రాసిండారు. నాకట్ల కాదు." తీసేశాను. ఆ లోపు మా క్లాసువాళ్లు ఎంతమంది చూశారో నాకు తెలీదు. తర్వాతి ఆదివారం నుంచి ఆమె రాలేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ప్రకారం హిందువులు కానివాళ్లు ఎస్సీలు కారు. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు. క్రైస్తవులని, ముస్లింలని చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ-సి, వాళ్లకి 1 శాతం. ఎస్సీలకి 15 శాతం. లెక్క సులువుగా ఉండాలని 60 సీట్ల బ్రాంచ్ తీసుకుందాం. 15 శాతం అంటే 9 సీట్లు. 1 శాతం అంటే 0.6. మా నాన్న నా ఫారంలో బీసీ-సి అనే రాయించాడు, "మనం నిజం రాశాం" అంటాడు. కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నది పూర్తి మనిషి కాదు, సున్నా పాయింట్ ఆరు.

ఆ అమ్మాయి కాగితాల్లో హిందూ. బడిలో ఒక పేరు, చర్చిలో ఒక పేరు. నేను మొదట ఏమనుకున్నానో దాచను: అబద్ధం కదా అనుకున్నాను. మా నాన్న కూతుర్ని కదా, ఆ గర్వం నాకూ ఉంది. కానీ మా నాన్న నిజం రాయగలిగింది మా ఇంట్లో అప్పటికే ఒక గవర్నమెంట్ జీతం ఉంది కాబట్టి. బెంగళూరులో ఇసుక మోసేవాళ్ల కూతురు ఆ నిజానికి కట్టాల్సిన ఫీజు వేరు.

చర్చికి వెళ్తే కులం పోతుందిగా, మీరే సమానం అంటారుగా, మళ్లీ రిజర్వేషన్ ఎందుకు అని క్లాసులో ఒకడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. జవాబు మా ఊళ్లో ఉంది. మా తాత బాప్తిస్మం తీసుకున్నాక కూడా మా ఇల్లు ఉన్న చోటే ఉంది, ఊరికి అవతల. పెద్దవీధిలో ఆయన్ని పిలిచే పిలుపు మారలేదు. చర్చి లోపల కూడా పెళ్లి మాటలు వచ్చేసరికి "వాళ్లెవరు?" అనే మాట వస్తుంది, క్రీస్తు ఎవరని కాదు ఆ ప్రశ్న. 2023 మార్చిలో మన అసెంబ్లీ దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వమని తీర్మానం చేసింది, అంతకుముందు ఏడాది కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌ని వేసింది. ఆ మూడో పేరా తీసేయాలని నా అభిప్రాయం. అయితే ఇంకో ఫ్రెండ్, హిందూ ఎస్సీ, "మా తొమ్మిది సీట్లలోకే ఇంకా జనాన్ని పంపుతారు, సీట్లు పెంచరు" అంది. ఆ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు.

చట్టం మన చేతిలో లేదు. చర్చి మన చేతిలో ఉంది, నేను అడిగేది అక్కడే. ఈమధ్య ప్రతి చర్చిలో యూట్యూబ్ లైవ్. కెమెరా వాక్యం మీద ఉంటే సరే, పాటలప్పుడు జనం మీద తిరుగుతుంది, చేతులెత్తి ఏడుస్తున్న మొహాల మీద ఆగుతుంది. కొత్తగా వచ్చినవాళ్లని లేపి నిలబెట్టి పేరు, ఊరు, కాలేజీ మైకులో చెప్పిస్తారు. ప్రేమతోనే చేస్తారు, తెలుసు. నన్నూ అలాగే నిలబెట్టారు, నాకు చప్పట్లు బాగున్నాయి. కానీ ఆ చప్పట్లకి భయపడి గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగేవాళ్లు ఈ ఊళ్లో ఎంతమందో. కొత్త ఊరికొచ్చిన స్టూడెంట్స్‌కి చర్చి వెతుక్కోవడం గురించి సలహాలు చాలామంది ఇస్తారు: బోధ చూడు, భాష చూడు, యూత్ గ్రూప్ చూడు. నేనైతే కెమెరా ఎటు తిరిగి ఉందో కూడా చూడమంటాను.

"సాక్షిగా బతకాలి కదమ్మా, దాక్కుంటే ఎట్లా?" అని మా చర్చి పెద్దాయన ఒకరు అన్నారు. నీకొదేము రాత్రిపూట యేసు దగ్గరికి వచ్చాడు, పగలు రమ్మని ఆయన గేటు వేసుకోలేదు అన్నాను. పెద్దాయన నవ్వి, "బైబిల్ బాగానే చదివిండావే" అన్నారు గానీ ఒప్పుకోలేదు. అయ్యగారికి మాత్రం రెండుసార్లు చెప్పాను. మూడోసారి వెళ్లేసరికి ట్రైపాడ్ పుల్‌పిట్ వైపు తిప్పి, కాళ్లకి టేపు అంటించారు, కదలకుండా. ఎడిటింగ్ చేసే అన్న ఇప్పటికీ "వ్యూస్ తగ్గినాయి" అని నన్ను చూసి మూతి విరుస్తాడు.

ఆ అమ్మాయికి ఈ సంగతి చెప్పాను. "చూస్తా" అంది. ల్యాబ్‌లో మాట్లాడుతుంది, రికార్డు ఇస్తుంది, ఆదివారం సంగతి ఎత్తదు. నేను ఎత్తట్లేదు. ఈ వ్యాసం ముందు ఆమెకే చదివి వినిపించాను. ఊరి విషయంలో ఒక చోట మార్చమంది, మార్చాను. అందుకే చర్చి పేరు లేదు.

ఈ డిసెంబర్ క్యారల్స్‌కి హాస్టల్ నుంచి వచ్చేవాళ్ల లిస్టు నాకే అప్పగించారు. పేర్లు రాసుకోవట్లేదు. ఎంతమందో చెప్తే చాలు, బస్సు మాట్లాడాలి.